వడ్ల పరదా చాటున

ఇప్పటి దవాఖానల్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. పేషెంటు ఇంటికి పోయిన మర్నాడు ఫోన్‌కు ఒక మెసేజ్ పోతది. "మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగి కింద అయిదు చుక్కలు పెడతరు. ఎన్ని చుక్కలు నొక్కితే అంత బాగున్నట్టు లెక్క. మొన్న నా మోకాలు చూపించుకుందామని సూర్యాపేటలో ఒక దవాఖానకు పోతే కౌంటర్‌లో కూసున్న అమ్మాయి సంబురంగ చెప్పింది.

"మాకు అందరూ అయిదుకు అయిదు ఇస్తరు తాతా."

"ఆపరేషన్ అయిన ఆడోళ్ళు గూడనా?"

"వాళ్ళే ఎక్కువ ఇస్తరు."

"ఆ మెసేజ్ పోయే ఫోన్ ఎవరిది బిడ్డా?"

అమ్మాయి కంప్యూటర్‌లో చూసింది. "హస్బెండ్‌ది," అన్నది.

నాకు కడుపు మండింది. ఆ పిల్ల మీద కాదు, ఆ పద్ధతి పెట్టినోళ్ళ మీద. లోపల నొప్పి ఒకరిది, చుక్కలు నొక్కే వేలు ఇంకొకరిది. అక్కడ వరుసలో నిలబడ్డోళ్ళ ముందట అరిస్తే ముసలోడికి మతి పోయిందంటరని ఊకున్న. ఇంటికొచ్చి ఇది రాస్తున్న. దవాఖానల్లో కొత్తగ పనికి చేరిన మీ అందరి కోసం.

నేను డాక్టర్ను కాదు. అయిదో తరగతి దాటలేదు. సూర్యాపేటలో ఒక ఆడోళ్ళ దవాఖానలో ఊడ్చే పనికి చేరి, మందు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుంట ఇంగ్లీషు నేర్చుకుని, చివరికి వార్డు చూసుకునే మనిషినయిన. ఎవరికి ఏ మంచం, ఎవరి ఆపరేషన్ ఎప్పుడు, ఎవరిని ఇంటికి పంపాలె, పోయినంక వాళ్ళు ఎట్లున్నరు, ఇవన్నీ నా మీద ఉండేవి. మెసేజులు, చుక్కలు లేవు. నేనే ఫోన్ చేసి అడిగేది.

దవాఖాన మా మేడంది. సూర్యాపేటలో ఉండేది, వారానికి ఒకరోజు మాత్రం కోదాడలో ఒక క్లినిక్‌లో కూసునేది. మూత్రం మీద పట్టు తప్పిన ఆడోళ్ళకు ఆపరేషన్ చేస్తదని ఆమెకు చుట్టుపక్కల పేరుండేది. ఆ జబ్బు మీకు తెలిసే ఉంటది. దగ్గితే, తుమ్మితే, బరువు లేపితే బట్టలు తడుస్తయి. కాన్పులయిన ఆడోళ్ళలో చానమందికి ఉంటది, చెప్పుకునేటోళ్ళే తక్కువ. ఆ ఆపరేషన్లో మూత్రం వచ్చే నాళం కింద సన్నని టేపు ఒకటి ఊయల లెక్క వేస్తరు. అది ఆసరా. వదులుగ పడితే తడుపు ఆగదు. బిగుతుగ పడితే మూత్రమే రాదు. ఈ రెంటి నడుమ వెంట్రుకంత జాగ ఉంటదని మేడం అంటుండేది.

నేను చెప్పబోయే ఆమె నేరేడుచర్ల దగ్గరి ఊరిది. బడిలో పిల్లలకు పగటి అన్నం వండేది. అన్నం గంజు పొయ్యి మీదికెల్లి దించంగనే చీర తడిసేదట. అందుకని పొద్దున లేచినప్పటికెల్లి నీళ్ళు తాగుడు బంద్ పెట్టింది. మంట ముందట నిలబడి పెదాలు పగులుతున్నా చుక్క ముట్టకపోయేది. పిల్లలు ఏమన్న అని నవ్విస్తే లోపలికి పోయేదట, నవ్వితే గూడ తడుస్తదని.

వెంట ఆమె ఆడబిడ్డ వచ్చింది. భర్తకు అక్క. గట్టి మనిషి, గట్టి నోరు. దవాఖానలో బెంచీ మీద కూసున్న కాసేపటికే పక్కనోళ్ళ ఊరు, పేరు, జబ్బు అన్నీ తెలుసుకున్నది. ఆపరేషన్ ఖాయమైనంక ఇద్దరూ నా దగ్గరికి వచ్చిన్రు.

"అన్నా, మా ఆయనకు కడుపుల గడ్డ ఉన్నదని చెప్పిన. జర మీరు గూడ..." అన్నది ఆమె, నేల చూసుకుంట.

"నేనెట్ల అబద్ధం చెప్తనమ్మా?"

"నువ్వు అబద్ధం చెప్పకు సారూ, నోరు మూసుకో, సాలు," అన్నది ఆడబిడ్డ. "అబద్ధం నేను చెప్త."

"ఇంత దాచుడెందుకు? నీ మొగుడే గద?"

"ఆయన మిర్యాలగూడ బియ్యం మిల్లుల బస్తాలు మోస్తడన్నా," అన్నది ఆమె. "గాడ పదిమంది ఉంటరు. ఎవరి ఇంటి ముచ్చటైనా పొద్దుగూకే వరకు అందరి నోట్లె ఉంటది. రేపు నేను ఆ తొవ్వెంట పోతే నన్ను సూసి ముక్కులు మూసుకుంటరు."

మేడంను అడిగిన. "ఆమె ఒళ్ళు, ఆమె సంతకం. ఆమె చెప్పొద్దంటే మన నోట్లోంచి రావద్దు," అన్నది మేడం. సరే అనుకున్న.

ఆపరేషన్ మంచిగనే అయింది. మర్నాడు పొద్దున మూత్రం పైపు తీసిన్రు. పైపు తీసినంక ఒక పరీక్ష ఉంటది. నీళ్ళు తాగిస్తరు. మూత్రం వచ్చినప్పుడు గీతలున్న జగ్గులో పట్టాలె. తర్వాత స్కానింగ్ చేసి లోపల ఎంత మిగిలిందో చూస్తరు. బయటికి ఎంత వచ్చింది, లోపల ఎంత మిగిలింది, రెండూ తెలిసినంకనే ఇంటికి.

మా హెడ్ సిస్టర్‌ది కోదాడ. పని తెలిసిన మనిషే, మంచి మనిషే. కానీ ఆమెకు ఒక అలవాటుండేది. వార్డు తలుపు కాడ నిలబడి అందరికీ వినబడేటట్టు అడిగేది. "ఏమ్మా, మూత్రం వచ్చిందా? వచ్చిందా లేదా చెప్పండి, ఇంటికెళ్ళాలా వద్దా?" వార్డులో ఒకరి తండ్రి ఉండేది, ఒకరి అల్లుడు ఉండేది. అందరూ అటు తిరిగి చూసేది. బాత్రూంకు గడియ గూడ సరిగ లేదు, తీగ చుట్టి పెట్టిన్రు. అప్పటికి ఎన్ని తాపలు చెప్పిన్నో ఆ గడియ గురించి. గడియ లేని బాత్రూంలో, బయట మొగోళ్ళ మాటలు వినుకుంట, కుట్లతోని కూసున్న మనిషికి మూత్రం రమ్మంటే వస్తదా? మీరే చెప్పున్రి.

మధ్యాహ్నానికి జగ్గు వచ్చింది. నిండ ఉన్నది. సిస్టర్ దాన్ని మేడంకు చూపించింది.

"చూడండి మేడం, ఎంత తేటగా ఉందో! నీళ్ళు బాగా తాగుతోందండీ."

స్కానింగ్ గదిలో అప్పుడు ఒక కాన్పు కేసు నడుస్తున్నది. లోపల పిల్ల గుండె కొట్టుకునుడు తగ్గిందని అందరూ పరేషాన్‌లో ఉన్నరు. మేడం జగ్గు వంక ఒకసారి చూసి, "ఇంత వస్తే ఇంకేం మిగులుతది, పంపించండి," అని ఆ గదిలోకి ఉరికింది.

పొద్దుగూకంగ భర్త వచ్చిండు, మిల్లు నుంచి నేరుగ. మీసాల మీద ఊక దుమ్ము గూడ దులుపుకోలేదు. వచ్చుడు వచ్చుడే నా మీద పడ్డడు.

"గడ్డ ఏది సార్?"

మీకు తెలుసు గద మన దిక్కు పద్ధతి. ఆపరేషన్లో ఏది తీసినా పళ్ళెంలో పెట్టి ఇంటోళ్ళకు చూపెట్టాలె. చూపెట్టకపోతే ఆపరేషనే చెయ్యలేదని లొల్లి. నేను నోరు తెరవకముందే ఆడబిడ్డ అందుకున్నది.

"నాకు సూపెట్టిన్రు తమ్మీ. ఉసిరికాయంత ఉన్నది."

"పెద్దుసిరా, సిన్నుసిరా?"

"నడిపిది."

అతడు తృప్తిపడ్డడు. భార్య చెయ్యి పట్టుకుని మెల్లగ ఆటో ఎక్కించిండు. ఆమె ముఖం మాత్రం నాకు నచ్చలేదు. ఇంటికి పోయేటోళ్ళ ముఖం లెక్క లేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూసున్నది. కుట్ల నొప్పి కావచ్చనుకున్న.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేసిన. నంబర్ భర్తది. ఇంట్లో ఉన్న ఫోన్ అదొక్కటే, అది అతని వెంట మిల్లుకు పోతది. రెండుసార్లూ ఒకటే మాట, "మంచిగనే ఉన్నది సార్." వెనక నుంచి మిల్లు మోత.

ఆ తర్వాత మేడం కోదాడలో కూసునే రోజు వచ్చింది. డ్రైవర్ సెలవు పెట్టిండు, కారు నేనే నడిపిన. హెడ్ సిస్టర్ గూడ మా వెంట వచ్చింది. క్లినిక్ బయట ఆడోళ్ళు బారుగ కూసున్నరు. ఒక పక్కకు పోయి మళ్ళ ఆ నంబర్‌కు ఫోన్ కొట్టిన. ఏంది నా రంధి అంటరా? ఆ ఆటోలో ఆమె కూసున్న తీరు కండ్లలోంచి పోలేదు.

"ఎట్లున్నది తమ్మీ, మీ ఇంటామె?"

"మంచిగనే ఉన్నది సార్."

"తింటున్నదా?"

"తింటలేదు. గ్యాస్ పట్టింది. మా ఊరి ఆర్ఎంపీ సూది ఏసిండు."

"గ్యాస్ అని ఎవరన్నరు?"

"కడుపు ఉబ్బింది గద సార్. కింద, బొడ్డు కింద. గట్టిగున్నది. గడ్డ మళ్ళ పెరుగుతుందా ఏంది?"

మూత్రం వస్తున్నదా అని అడగాలె. అడిగితే గడ్డ ఆపరేషన్‌కు మూత్రం ముచ్చట ఎందుకని అడుగుతడు. ఆమెకు ఇచ్చిన మాట ఒక పక్క, ఆమె పానం ఒక పక్క.

"ఇంకేమన్న ఫరక్ కనబడుతున్నదా?" అన్న.

"ఏమో సార్. చీరలు ఊకె మారుస్తది. ఊకె ఉతుకుతది. దండెం నిండ ఆమె బట్టలే. నేనేమన్న అంటే ఏడుస్తది."

"మీ అక్క దగ్గర ఫోన్ ఉన్నదా?"

"మా అక్కకెందుకు లేదు!" అని నంబర్ చెప్పిండు.

ఆడబిడ్డ ఎత్తింది. ఆ గట్టి నోరు ఆనాడు సన్నగయింది.

"సారూ, మళ్ళ పడుతున్నయ్. అప్పుడు దగ్గితేనే పడేటియి. ఇప్పుడు కూసున్నా పడుతున్నయ్, పండుకున్నా పడుతున్నయ్. ఆపరేషన్ ఫెయిలయింది. మా మరదలు పొద్దుగాల్నించి మూలుగుతనే ఉన్నది."

"నేను మీకు ఫోన్ చెయ్యకపోతే మీరు చెయ్యరా?"

"ఫెయిలయిందని మీకు చెప్తే మళ్ళ కోస్తరని భయపడ్డది."

నేను లోపలికి పోయి మేడం చెవిలో చెప్పిన. "ఆమెకు మళ్ళ తడుపు మొదలయిందట మేడం. ఆపరేషన్ పట్టలేదు." అట్లనే అనుకున్న నేను. తడుస్తున్నదంటే టేపు వదులయిందని.

మేడం ముందట ఉన్న పేషెంట్ బీపీ చూస్తున్నది. ఆగింది. "పండుకున్నా పడుతున్నదా? కడుపు ఎట్లున్నదట?"

"ఉబ్బింది. గట్టిగున్నదట."

మేడం చెవుల్లోంచి గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. "అది వదులై పడుతున్నది కాదు. లోపల నిండి పొర్లుతున్నది. మూత్రం అసలే పోతలేదు ఆమెకు." లేచి నిలబడ్డది. "కారు తియ్యి."

బయట బారుగ కూసున్నోళ్ళు ఏందేంది అంటున్నరు. సిస్టర్ వాళ్ళకు సర్ది చెప్పుకుంటనే చకచక ఒక సంచి సర్దింది. గ్లవుసులు, జెల్లీ, పైపు, మూత్రం పట్టే సంచీ, మందు నీళ్ళు. "దారిలో అవసరం పడుద్దేమో, పెట్టుకోండి," అని కారులో పడేసింది. ఆమె ముఖం తెల్లగ పోయింది. "కానీ మేడం, జగ్గు నిండా వచ్చిందండీ... నేను కళ్ళారా చూశాను," అంటనే ఉన్నది, మేం కదిలిపోయేదాక.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, అక్కడి నుంచి నేరేడుచర్ల. వరి కోతల కాలం. రోడ్డు సగం దాక వడ్లు ఆరబోసి ఉన్నయి. ఎదురుగ బస్సొస్తే వడ్ల మీదికి దించరాదు, దించకుంటే బస్సు కిందికి పోవాలె. మేడం వెనక సీట్లో ఫోన్ మాట్లాడుతున్నది. మిర్యాలగూడలో ఆమెతో చదువుకున్న డాక్టర్ దవాఖాన ఉన్నది, అక్కడ థియేటర్ సిద్ధం పెట్టమంటున్నది. ఫోన్ పెట్టినంక అద్దంలో నాకు ఆమె ముఖం కనబడ్డది. పెదవి కొరుక్కుంటున్నది. "కొంచెం జోరుగ," అన్నది. మళ్ళ వెంటనే, "మెల్లగ, మెల్లగ," అన్నది.

ఆమె ఇల్లు సన్నటి గల్లీలో. అప్పటికే గ్యాస్ ముచ్చట ఊరంత పాకింది. వాకిట్ల చుట్టపక్కాలు, ఇరుగుపొరుగు. ఒకామె వాము నీళ్ళు తెచ్చింది, ఒకామె విసనకర్ర ఊపుతున్నది. మేడం అందరినీ నెట్టుకుంట లోపలికి పోయి కడుపు మీద చెయ్యి పెట్టింది. ఇక్కడే పైపు వేస్తనన్నది. ఆమె మేడం చెయ్యి పట్టుకున్నది.

"ఈడొద్దు మేడం. మీ కాళ్ళు మొక్కుత. వీళ్ళందరి ముందల వద్దు. ఎంత దూరమన్న వస్త."

గదికి తలుపు లేదు, చీర కట్టి ఉన్నది. మేడం అటు చూసింది, ఇటు చూసింది. మిర్యాలగూడ ఎంతో దూరం లేదు. "సరే, ఆమెను పట్టుకో," అన్నది ఆడబిడ్డతోని.

ఆమెను, ఆడబిడ్డను వెనక మేడం పక్కన కూసోబెట్టి బయలుదేరినం. నేను భర్తకు ఫోన్ చేసి మిర్యాలగూడలో ఫలానా దవాఖానకు రమ్మన్న. ఎందుకని అడిగిండు. "రా తమ్మీ," అన్న, అంతే.

ఆ తొవ్వ నేను మరవను. ప్రతి గుంతకు ఆమె గొంతులోంచి ఒక సప్పుడు వచ్చేది. అరుపు కాదు, అరుపును మింగిన సప్పుడు. మిర్యాలగూడ ఇంకా కొంచెం దూరం ఉందనంగ కారు ఆగిపోయింది.

ముందట ట్రాక్టర్లు. మిల్లుల కాడికి వడ్లు తెచ్చిన ట్రాక్టర్లు, కనుచూపు మేర. కోతల కాలంలో మిర్యాలగూడ సంగతి తెలియంది ఎవరికి? కానీ ఆనాడు నాకు తట్టలేదు. మధ్యలో ఒక లారీ అడ్డం తిరిగి ఇరుక్కున్నది. ముందుకు లేదు, ఎనకకు లేదు. హారన్ కొడితే ట్రాక్టర్ మీది మనిషి తిరిగి చూసి నవ్విండు. "మేం పొద్దుగాల్నించి ఉన్నం పెద్దమనిషీ, నువ్విప్పుడే వచ్చినవ్."

వెనకనుంచి మేడం అన్నది, "ఇగ ఆగేది లేదు. ఇక్కడే."

"ఇక్కడనా మేడం? నడిరోడ్డు..."

"లోపల పగిలినా, కిడ్నీల దాక పోయినా నువ్వు జవాబు చెప్తవా?"

నేను దిగిన. ఏం చెయ్యాలె, ఎవరిని అడగాలె. పక్క ట్రాక్టర్ నీడకు వడ్లు ఊడ్చే ఆడకూలీలు కొందరు కూసుని ఆకు వక్క వేసుకుంటున్నరు. వాళ్ళలో పెద్దామె ఒకామె నా ముఖం చూసి లేచింది. "ఏమాయె అన్నా?"

"లోపల ఒకామెకు... ఆపరేషన్ అయింది... డాక్టరమ్మ చూడాలె. చాటు కావాలె."

ఇంకో మాట అడగలేదు ఆమె. ట్రాక్టర్ మీద వడ్లకు కప్పిన నీలం పరదా పట్టి గుంజింది. "లేవండ్రే, కొసలు పట్టండ్రి! మొగోళ్ళంత అటు మల్లండ్రి! ఓ ట్రాక్టరాయనా, నీకు గాదా చెప్పేది, మెడ అటు తిప్పు!"

కారు చుట్టు పరదా లేచింది. పొడుగు ఒక పక్క చాలలేదు. ఒక కొస గాలికి లేస్తున్నది. దాన్ని నేను పట్టుకుని రోడ్డు దిక్కు మల్లి నిలబడ్డ.

అప్పుడు వచ్చిండు ఆమె భర్త. అది అతని మిల్లు ముందటి తొవ్వే. ట్రాక్టర్ల నడుమ నుంచి ఉరుక్కుంట వచ్చి, నన్ను గుర్తుపట్టి, పరదాను చూసి ఆగిపోయిండు. వెనక మిల్లు హమాలీలు నలుగురైదుగురు గుంపుగ వస్తున్నరు.

"ఏమయింది సార్? మా ఆమెనా లోపల?"

"కొస పట్టు," అన్న. పట్టిండు. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డం, కారుకు వీపు పెట్టి.

లోపల నుంచి మేడం గొంతు వినబడుతున్నది. "ఊపిరి వదులు. బిగబట్టకు. ఆ రోజు జగ్గు నిండ వచ్చింది గద అమ్మా, ఇట్లెట్ల అయింది?"

జవాబు ఆడబిడ్డ నుంచి వచ్చింది, ఏడుపుతోని. "అది ఆమెది కాదు మేడం! నల్లా నీళ్ళు! ఆమెకు రెండు చుక్కలు వచ్చినయ్. రాకపోతే మళ్ళ పైపు పెడతరని ఆ సిస్టరమ్మ అంటుండె. పైపుతోని ఇంటికి పోతే మా తమ్ముడు అడుగడా? నేనే జగ్గుల నల్లా నీళ్ళు కలిపిన."

నాకు ఆనాడు వార్డులో సిస్టర్ అన్న మాట యాదికొచ్చింది, ఎంత తేటగ ఉందో అని.

తర్వాత లోపల ఆమె పెద్దగ ఊపిరి విడిచింది. అట్లాంటి ఊపిరి నేను కాన్పు గదిలో గూడ వినలేదు. మేడం మెల్లగ, "అయిపోయింది, అయిపోయింది. పోతున్నది," అంటున్నది. పరదా కొస జారకుండ గట్టిగ పట్టుకున్న.

అతడు నా దిక్కు తిరిగిండు. "నా కోసం జగ్గుల నీళ్ళు కలుపుడేంది సార్? గడ్డ కాదా?"

"నన్ను అడగకు తమ్మీ. ఆమెను అడుగు."

అడగలేదు అతడు. అడగకముందే పరదా లోపలి నుంచి ఆమే మాట్లాడింది. గొంతు సన్నగున్నది గానీ మాట గట్టిగున్నది.

"గడ్డ లేదు, గిడ్డ లేదు. నాకు మూత్రం ఆగేది కాదు. గంజు లేపితే పడేది, దగ్గితే పడేది. ఏండ్ల నుంచి. దానికి చేసిన్రు ఆపరేషన్. ఇప్పుడు అసలే రాకుండయింది."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే మిల్లుకు చెప్పినట్టే గద."

ఆడబిడ్డ లోపల నుంచి అన్నది, "ఉసిరికాయ గూడ లేదు తమ్మీ. అది నేనే సెప్పిన."

మిల్లు హమాలీలు అప్పటికే దగ్గరికి వచ్చిన్రు. ఒకడు మెడ చాచి, "ఏందిరా, పరదా కట్టిన్రు? ఎవరికేమయింది?" అన్నడు.

నేను అతని ముఖం చూస్తున్న. ఆమె ఇన్నేండ్లు భయపడ్డది ఈ ఒక్క ఘడియకే. నీళ్ళు తాగకుండ పెదాలు పగలగొట్టుకున్నది ఇందుకే. పరదా వెనక ఆమె గూడ సప్పుడు చెయ్యకుండ వింటున్నదని నాకు తెలుసు.

అతడు గొంతు సవరించుకున్నడు. "మా ఇంటామెకు మూత్రం బందయింది. డాక్టరమ్మ తీస్తున్నది," అన్నడు, అందరికీ వినబడేటట్టు. "నిలబడి సూసుడేంది? ఆ కొస లేస్తున్నది, పట్టండ్రి. ఒకడు పోయి ఆ లారోన్ని జరపండ్రి."

నవ్వుతరేమో అని చూసిన. ఒకడు వచ్చి కొస పట్టుకున్నడు. ముసలి హమాలీ ఒకాయన, "మా ఆమెకు గూడ గిట్లనే ఉన్నదిరా, దగ్గితే," అన్నడు మెల్లగ, ఎవరి దిక్కు చూడకుండ. "ఏ దవాఖాన ఇది సార్?" మిగిలినోళ్ళు లారీ దిక్కు ఉరికిన్రు.

మిర్యాలగూడలో ఆమెకు పైపు ఉంచిన్రు, మూత్రపు తిత్తికి కొన్నాళ్ళు విశ్రాంతి. పైపు తీసి చూస్తే ఇంకా సగం లోపలనే మిగులుతున్నది. ఆలస్యం చెయ్యకుండ మేడం టేపును జర వదులు చేసింది. ఆ పని తొందరగ చేస్తేనే సులువట, టేపు కండలో కలిసిపోయినంక కోయాల్సి వస్తదట. తర్వాత కొద్దిరోజులు మిగిలింది మిగిలినట్టు తీసుకునేందుకు మా సిస్టర్ ఆమెకు సన్నటి పైపు సొంతంగ పెట్టుకునుడు నేర్పింది. చేతులు కడుక్కునుడు, అద్దం పెట్టుకునుడు, అన్నీ. తలుపు మూసి, లోపల కూసుని, మెల్లగ. సిస్టర్ గొంతు అంత మెల్లగ ఉంటదని నాకు అప్పటిదాక తెలియదు. పైపు అవసరం పోయినంక గూడ కొన్నాళ్ళు ఆత్రం ఉండేది, వచ్చిందంటే ఉరకాలె. దానికి గోళీలిచ్చి, టైం పెట్టుకుని పోవుడు, కింది కండ బిగించే కసరత్తు చెప్పిన్రు. నీళ్ళు తాగమన్నరు. అన్నిటికంటే కష్టం ఆ నీళ్ళు తాగుడే అయిందట ఆమెకు.

మేడం తనను తాను చాన తిట్టుకున్నది. నాకు మాత్రం జగ్గులో నీళ్ళు పోసిన ఆడబిడ్డ మీద కోపం రాలేదు. వార్డు తలుపు కాడ నిలబడి అరిచి అడిగే పద్ధతి మీద వచ్చింది, గడియ లేని బాత్రూం మీద వచ్చింది. ఆ వారమే గడియ పెట్టించిన. జగ్గు ఎంత నిండినా స్కానింగ్ చేసినంకనే ఇంటికి అన్నది మేడం, కాన్పు కేసున్నా సరే, ఆగాల్సిందే. అడిగేది ఉంటే మంచం పక్కన కూసుని, మొగోళ్ళను బయటికి పంపి అడగాలె. ఇంటికి పోయినంక చుక్కలు పడుతున్నయంటే ఆపరేషన్ ఫెయిలయిందని మీకు మీరే అనుకోకండి, నేను అనుకున్నట్టు. పొత్తికడుపు ఎట్లున్నదో అడగండి. ధార వస్తున్నదా, చుక్కలేనా అడగండి. జ్వరం, మంట ఉన్నయా అడగండి. గ్యాస్ అని సూది వేసేటోళ్ళు ఊరూరికీ ఉన్నరు.

అన్నిటికన్నా ముందు, ఆమెనే అడగండి.

కొన్ని నెలలయినంక ఒకరోజు మళ్ళ ఫోన్ కొట్టిన, పాత నంబర్‌కే. అదే మిల్లు మోత.

"ఎట్లున్నది తమ్మీ?"

"నన్నడుగుతవేంది సార్? ఆమె ఫోన్ ఆమెకున్నది, రాసుకో," అన్నడు.

ఆ నంబర్‌కు చేసిన. బడి లొల్లి వినబడ్డది, పిల్లలు కంచాలు మోగిస్తున్నరు. అన్నం టైం. నాకు మొహమాటమయింది. "తర్వాత చేస్తనమ్మా, అందరూ ఉన్నట్టున్నరు," అన్న.

"ఆగన్నా," అన్నది. ఎవరికో, "గంజు నువ్వు దించు, నన్ను బరువులు లేపొద్దన్నరు," అన్నది. తర్వాత ఫోన్లోకి, అంత లొల్లి మీదికెల్లి, పెద్దగ చెప్పింది.

"మూత్రం మంచిగనే వస్తున్నదన్నా! ధార మంచిగున్నది! మీ మేడంకు చెప్పు!"

పక్కనుంచి ఎవరో పిల్ల కిలకిల నవ్వింది. ఆమె గూడ నవ్వింది. చానసేపు నవ్వింది.